సర్ఖని చలికి ఏ నూనె పోయాలి

మనోజ్, రేఖా,

జనవరిలో కారు వేసుకుని మనాలి వెళ్తున్నామని మీరు ఫోన్‌లో చెప్పినప్పుడు, "ఇంజన్‌లో ఏ నూనె పోయిస్తున్నారు?" అని నేను అడిగితే ఇద్దరూ ఒకటే నవ్వు. "అమ్మమ్మా, నువ్వు రొట్టెల సంగతి చెప్పు, ఇంజన్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు మనోజ్. నవ్వండి, నాకేం కోపం లేదు. మీరు నవ్వుతుంటే వినడానికే సగం సార్లు ఫోన్ చేస్తాను. కానీ ఆ మాట నేను ఊరికే అడగలేదు. పదిహేను రోజుల కిందటే సర్ఖని వెళ్ళి వచ్చాను. ఆ ప్రయాణంలో ఇంజన్ నూనె సంగతి ఒక మనిషి కంటిచూపు దాకా వచ్చింది. అది చెప్తాను. పుణెలో ఉండే మీరు ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు కదా, దారిలో చూసినవీ తిన్నవీ కూడా చెప్తాను. తొందర లేకుండా చదవండి.

బయలుదేరకముందు

నర్సవ్వ నా చెల్లెలు, మీకు చిన్నమ్మమ్మ. మీరు ఆమెను చూసి ఉండరు. మా చిన్నప్పుడు మాకు భూమి లేదు. పత్తి ఏరే రోజుల్లో మా నాయన మమ్మల్ని వెంటబెట్టుకుని కిన్‌వట్ వైపు కూలికి వెళ్ళేవాడు. అక్కడే నర్సవ్వకు సర్ఖని సంబంధం కుదిరింది. అప్పటి నుంచి ఆమె ఆ అడవి పక్క మనిషి అయిపోయింది.

ఆమె ఎడమ కన్ను నాలుగేళ్ళ కిందట పోయింది. ఎవరో చెబితే ఆకు పసరు పోసుకుని నెలల తరబడి ఊరుకుంది. ఇప్పుడు కుడి కంట్లో మోతిబిందు, అంటే శుక్లం, ముదిరింది. నాందేడ్‌లో కంటి ఆపరేషన్‌కి రెండుసార్లు తేదీ ఇచ్చారు. మొదటిసారి కిన్‌వట్ బస్టాండ్ దాకా వచ్చి దిగిపోయి ఇంటికి తిరిగి వెళ్ళింది. రెండోసారి గేదె ఈనేలా ఉందని అసలు బయలుదేరలేదు. మూడోసారి తేదీ ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ నాతో ఫోన్‌లో, ఇంకా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, గురువారం పదకొండింటికల్లా తీసుకురండి అని చెప్పింది. అందుకని నేనే వెళ్ళి తీసుకొద్దామనుకున్నాను. బస్సయితే మళ్ళీ దిగిపోతుందని మా ఊరి సాయిలు జీపు మాట్లాడాను.

సాయిలు కుండల్‌వాడికీ నాయ్‌గావ్‌కీ మధ్య జనాన్ని ఎక్కించుకుని జీపు నడుపుతాడు. నన్ను పెద్దమ్మా అంటాడు. వాళ్ళ నాయన కొన్న జీపు అది. ముందు రోజు సాయంత్రం దాన్ని మా ఇంటి ముందే నిలబెట్టి పాత నూనె తీసేసి, కొత్త నూనె పోశాడు. గరాటు పట్టుకున్నది నేనే.

"చూడు పెద్దమ్మా, తేనె లెక్క ఎట్ల జారుతున్నదో. గిది పోస్తె ఇంజన్ పదేండ్లు చిన్నగైతది" అన్నాడు.

అది చేలల్లో నీళ్ళ పంపు ఇంజన్‌కి పోసే నూనె. మా వైపు పాత జీపులవాళ్ళు చాలామంది అదే పోస్తారు. నాకూ ముచ్చటేసింది. ఎందుకో చెప్తాను, మీకు ఇది తెలియదు. మా ఇళ్ళల్లో పలచన అంటే లేమి. నా చిన్నప్పుడు అమ్మ అంబలి కాస్తే అందులో మా ముఖాలు కనిపించేవి. చుట్టాలొచ్చిన రోజు మాత్రం గరిట నిలబడేంత చిక్కగా కాచేది. పప్పు చిక్కగా ఉంటే కలిగినిల్లు, మజ్జిగ చిక్కగా ఉంటే కలిగినిల్లు. సాయిలు వాళ్ళమ్మా నేనూ ఒకే కూలి గుంపులో కలుపు తీశాం. వాడూ ఆ అంబలే తాగి పెరిగాడు. ఆ నూనె గరాటులోంచి సాగుతూ దిగుతుంటే మా ఇద్దరికీ అది మంచిదా చెడ్డదా అనే ఆలోచనే రాలేదు.

నాయ్‌గావ్‌లో టీ

బుధవారం పొద్దున బయలుదేరాం. సాయిలుకి ఒక అలవాటు ఉంది. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యి ఎత్తితే వాడి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఆ రోజు జీపు నా ఒక్కదానికే మాట్లాడింది. అయినా నాయ్‌గావ్ చేరేలోపు ఆరుగుర్ని ఎక్కించుకున్నాడు. ఒకాయన ఎండలో కన్నుకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తుంటే ఆయన ముందు కూడా ఆపాడు.

"నేను రాను బాబూ, నా బర్రె కోసం జూస్తున్న" అన్నాడాయన.

"మరి చెయ్యెందుకు లేపినవే?" అని సాయిలు కసురుకున్నాడు.

నాయ్‌గావ్‌లో పది రూపాయలకు టీ తాగాం. అల్లం దంచి వేస్తారు, గొంతు దిగేదాకా మండుతుంది. టీ పోసే ఆమె మరాఠీలో అడుగుతుంది, నేను తెలుగులో చెప్తాను, డబ్బులిచ్చే సాయిలు హిందీలో మాట్లాడతాడు. అక్కడ ఎవరికీ ఇది వింత కాదు. మీరు పుణెలో ఒకే భాష మాట్లాడి అలసిపోతారు కాబోలు.

నాందేడ్ దాటాక

నాందేడ్‌లో గోదావరి వంతెన దాటాక జామకాయలు కొనడానికి ఆగాం. గురుద్వారా చూడటానికి పంజాబ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన అక్కడే జామకాయకు ఉప్పుకారం అద్దించుకుంటున్నాడు. నేను స్వెట్టర్ మీద శాలువ కప్పుకుని ఉన్నాను, ఆయన ఒంటి మీద ఒక్క చొక్కా. నన్ను చూసి నవ్వి, "మాతాజీ, యే ఠండ్ నహీ హై. హమారే యహా ఇసే బహార్ కా మౌసమ్ కహతే హై" అన్నాడు. మనకు ఇది చలి, వాళ్ళకు వసంతమట. మీరు మనాలిలో ఎలా ఉంటారో అని అప్పుడే నాకు దిగులు పుట్టింది. ఆయన తన జామకాయలోంచి సగం కోసి నాకిచ్చాడు. వద్దనలేక తీసుకున్నాను. నా పళ్ళకు కష్టమే, చెంపలో పెట్టుకుని భోకర్ దాకా నానబెట్టాను.

భోకర్ దాటాక ఒక చేను గట్టున పచ్చి జొన్న కంకులు కాలుస్తున్నారు. మరాఠీవాళ్ళు హుర్డా అంటారు. పిడకల నిప్పు మీద కంకి కాల్చి, రెండు అరచేతుల మధ్య నలిపి గింజలు రాలుస్తారు. పల్లీల కారంతో తింటే చేతులు నల్లగా అవుతాయి, మూతి కూడా. మా దగ్గర వెల్లుల్లి ఎక్కువ వేస్తాం, వాళ్ళు బెల్లం ముక్క పక్కన పెట్టారు. యాభై రూపాయలకు ఇద్దరం కడుపు నింపుకున్నాం. రైతు భార్య ఇంకో దోసెడు నా కొంగులో పోసి, "నాతవండాన్నా" అంది. మనవలకట. మీకు పంపుదామంటే దారిలోనే అయిపోయాయి, క్షమించండి.

కిన్‌వట్‌లో ఖాదర్ భాయ్

కిన్‌వట్ చేరుతుండగా వెనక టైరు పంక్చరయింది. రోడ్డు పక్కనే ఖాదర్ భాయ్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. గడ్డం తెల్లబడిన మనిషి. టైరు పని ఇంకొకరికి అప్పజెప్పి, అలవాటు కొద్దీ బానెట్ ఎత్తి, నూనె ఎంతుందో చూసే పుల్ల లాగాడు. పుల్ల చివరనుంచి నూనె కిందికి దిగలేదు. అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

"ఏం భాయ్, ఇంజన్‌ల ఏం పోసినవ్? బెల్లం పాకమా?"

"పంపు ఇంజన్ నూనె. మంచిగున్నది కదా" అన్నాడు సాయిలు.

"పంపు ఇంజన్‌కు మంచిదే. గది మిట్టమధ్యాహ్నం నడుస్తది. నీ జీపు రేపు పొద్దుగాల సర్ఖనిల లేవాలె. ఆడ గుట్టల నడుమ చలి ఎట్లుంటదో ఎర్కేనా?"

లోపలికి వెళ్ళి ఒక నూనె డబ్బా తెచ్చాడు. దాని మీద పదిహేను, పక్కన ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం, తర్వాత నలభై అని ఉంది. "పైలా నంబర్ ఠండీ కా, పిచ్లా నంబర్ గర్మీ కా" అన్నాడు సాయిలుతో. నేను తెల్లమొహం వేస్తే నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అమ్మా, ముందు అంకె చలిది. గది ఎంత చిన్నగుంటె చలిల నూనె అంత జల్ది పారుతది. ఎన్క అంకె, ఇంజన్ మంచిగ కాగినంక నూనెకు ఎంత మందం మిగులుతదో చెప్తది. ఈయన పోసినదానికి ముందు అంకెనే లేదు, ఒట్టి నలభై. అంటె చలి సంగతి ఎవ్వరు అడగనే లేదు."

"మరి మంచు పడే ఊర్లకు పోయేటోళ్ళు ఏం పోస్తరు?" అని అడిగాను. మీరు గుర్తొచ్చి అడిగాను.

"సున్నానో అయిదో ఉన్నది పోస్తరు. కని మన మనసుకు తోచింది కాదమ్మా. బండితోని ఒక కితాబ్ ఇస్తరు. అండ్ల ఏ చలికి ఏ నూనె రాస్తరో గదే పొయ్యాలె."

మనోజ్, ఈ మాట రెండుసార్లు చదువు. మీ కారు పుస్తకం డాష్‌బోర్డు కింది అరలోనే ఉంటుందట, తీసి చూడు. పెద్ద అంకె ఉన్నది మంచి నూనె అనుకోవద్దు. చలిలో ఇంజన్ తిరగడం మొదలైన ఆ కొద్దిసేపట్లో నూనె అన్ని మూలలకీ చేరకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని అరిగిపోతాయని ఖాదర్ భాయ్ చెప్పాడు.

నూనె మార్చుకోమని ఆయన అంటుంటే సాయిలు మొహం ముడుచుకున్నాడు.

"నాది పాత ఇంజన్ భాయ్. పలచగ పోస్తె పొగ ఇడుస్తది. పొగ జూస్తె సవార్లు ఎక్కరు."

"పొగ వస్తె లోపల రింగులు అరిగినయ్ అన్నట్టు. మందం నూనె దవా కాదు భాయ్, దుప్పటి. కప్పి పెడుతున్నవ్, గంతే."

సాయిలు నా వైపు చూశాడు. వాడి చూపులో నేను ఏదో ఒకటి అంటే బాగుండునన్నట్టు ఉంది. పక్కన జనం నిలబడి వింటున్నారు. వాడి జీపుని నలుగురిలో ముసలిదన్నట్టు నాకూ తోచింది. "మందంగ ఉన్నది మంచిదే ఉంటది తీ. పొద్దు గుంకుతున్నది, పోదాం పా" అన్నాను. ఖాదర్ భాయ్ బానెట్ మూశాడు. నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడను, మీకు తెలుసు. ఆ మాట కూడా మెల్లగానే అన్నాను. అయినా అది అనకుండా ఉండాల్సింది.

సర్ఖనిలో నర్సవ్వ ఇల్లు

కిన్‌వట్ దాటాక టేకు చెట్లు దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. పొద్దు వాలగానే చలి కాళ్ళనుంచి ఎక్కుతుంది. మేం వెళ్ళేసరికి నర్సవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నా గొంతు విని రెండు చేతులూ చాచింది. నా ముఖమంతా తడిమి, "చెంపలు జారినయ్ అక్కా" అంది.

ఆమె కోడలు కమల జొన్న రొట్టెలూ, శనగపిండితో ఉడికించిన పిట్లా పెట్టింది. తాలింపు ఇప్పగింజల నూనెతో. మా వైపు ఆ నూనె వాడం. కొంచెం చేదు, కొంచెం పొగ వాసన. రెండో రొట్టెకల్లా నచ్చేసింది. చలికి ఆ నూనె నెయ్యిలా గడ్డకడుతుంది. అందుకని అక్కడ ప్రతి ఇంట్లో ఈ కాలమంతా నూనె కుండ పొయ్యి పక్కనే ఉంటుంది. మా ఇళ్ళల్లో పొయ్యి దగ్గర పిల్లి కూర్చుంటుంది, వాళ్ళ ఇళ్ళల్లో నూనె కుండ కూర్చుంటుంది.

సాయిలు గొంతు పెద్దది. వాడు రొట్టె అడిగినప్పుడల్లా నర్సవ్వ ఉలిక్కిపడింది. "ఈ పిలగాడు ఆరడుగులుంటడా?" అని నా చెవిలో అడిగింది. వాడు నా భుజం దాకా వస్తాడు. చెప్తే చిన్నబోతాడని ఊరుకున్నాను.

రేపు పొద్దున ఆరింటికి బయలుదేరదాం అంటే, "ఊఁ" అంది. మంచం ఎక్కే ముందు శాలువ, చెప్పులు, ఒక సంచీ చేతికందేలా పెట్టుకుంది. ఈసారి వస్తుందనే అనుకున్నాను.

గురువారం పొద్దున

లేచేసరికి మంచు చేలమీద పరుచుకుని, జీపు ఉందో లేదో తెలియకుండా ఉంది. సాయిలు తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి మూలిగి ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఇంకా నెమ్మదిగా మూలిగింది. నాలుగోసారికి ముందు దీపం కూడా వెలవెలబోయింది. బ్యాటరీ దిగిపోతోందన్నాడు. పత్తి చేలకు వెళ్తున్న ముగ్గురు వచ్చి తోశారు. గేరు వేయగానే చక్రాలు తిరగకుండా తడి మట్టిలో జారాయి. వాళ్ళు పనికి ఆలస్యమవుతుందని వెళ్ళిపోయారు. ఆ వేళకు అటు బస్సు లేదు. ఆరున్నర అయింది.

నర్సవ్వ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. లోపలికి వెళ్ళి చెప్పులు విడిచి పొయ్యి ముందు కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా, బండికే పోవుడు ఇష్టం లేదు. నేనెట్ల పోదు?"

"గట్లనకే. ఇంకో తేదీ ఇయ్యరు."

"ఇయ్యకుంటె ఇయ్యకపోనీ. ఉన్న మసక నాకు చాలు. పొయ్యి యాడున్నది, దర్వాజ యాడున్నది, ఎర్కైతున్నది. కోసినంక గది గిట్ల పోతె? ఒక కన్ను పోతె ఇంకోటున్నదనుకున్న. ఇది పోతె ఏమనుకోవాలె చెప్పు."

ఆమె భయం పిచ్చిది కాదు. నా కన్నయితే నేనూ అలాగే కూర్చునేదాన్నేమో. ధైర్యం చెప్పడం చేతకాక, నిజం చెప్పాను.

"బండికి ఇష్టం లేక కాదే నర్సూ. నూనె మందమై చలికి కదుల్తలేదు. నిన్న కిన్‌వట్‌ల ఒకాయన మార్చుమనే చెప్పిండు. నేనే సాయిలును మార్చనియ్యలె. తప్పు నాది."

ఆమె మొహం నా వైపు తిప్పింది. "ఏం నూనె? తే, జూస్త."

సాయిలు పుల్ల లాక్కొచ్చాడు. నర్సవ్వ దాని కొన పట్టుకుని బొటనవేలితో, చూపుడువేలితో రుద్దింది. వాసన చూసింది. మళ్ళీ రుద్దింది. చూపు తగ్గినప్పటి నుంచీ ఆమె ఇంట్లో అన్నీ అలాగే పట్టుకుని చెప్తోందట. కాసేపటికి నవ్వొచ్చిందామెకు.

"ఏందక్కా, గిది మా ఇప్పనూనె లెక్కనే ఉన్నది కదా! గింతదానికి ముగ్గురు మొగోళ్ళు గుంజులాడిన్రా? వెచ్చ పెడితె అదే కదులుతది. కమలా, ఇనుప తట్టల నిప్పులు తియ్యే."

"డీజిల్ బండి అవ్వా! కాలిపోతది!" అన్నాడు సాయిలు.

"మంట పెడుతమని ఎవలన్నరు? నిప్పులు, వాటి మీద బూడిద. ఇప్పనూనె కుండ కింద మంట పెట్టేటోళ్ళను జూసినవా నువ్వు? నూనె యాడ నిలుస్తదో గది జూపియ్యి. డీజిల్ పైపు యాడున్నదో అదీ చెప్పు."

సాయిలు జీపు కిందికి దూరి, ఎక్కడా డీజిల్ కారడం లేదని తడిమి చూసి, నూనె ఉండే అడుగు పెట్టె చూపించాడు. ఎందుకైనా మంచిదని రెండు బకెట్ల తడి మట్టి పక్కన పెట్టుకున్నాడు. కమల బూడిద కప్పిన నిప్పుల తట్టను జాగ్రత్తగా దాని కిందికి తోసింది. నర్సవ్వ గోనెసంచి మీద జీపు పక్కనే కూర్చుని పని నడిపించింది. "జర దూరం జరుపు. ఇంక కొంచెం బూడిద పొయ్యి. ఏయ్, ఊదకు!" అర్ధగంటలో మూడుసార్లు పుల్ల తెప్పించుకుని చూసింది. మొదటిసారి తల అడ్డంగా ఊపింది. మూడోసారి నూనె ఆమె వేలిమీదనుంచి మణికట్టు దాకా జారింది.

"ఇగ తిప్పు" అంది.

తట్ట బయటికి లాగారు. సాయిలు కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగింది, ఇంకోసారి మూలిగింది, తర్వాత దగ్గి, పట్టుకుంది. జీపంతా వణికింది. నేను చప్పట్లు కొట్టాను, ఈ వయసులో.

నర్సవ్వ ఏం చేస్తుందోనని చూస్తున్నాను. చెయ్యి పొగలు కక్కుతున్న బూడిద మీద ఒక నిమిషం కాచుకుని లేచింది. "కమలా, నా చెప్పులేయి" అంది. "నేనే లేపి నేనే ఎక్కకపోతె ఊరంత నవ్వుతది."

మీరు మాత్రం మనాలిలో ఇలాంటి పని చెయ్యకండి. మీ కార్ల కింద ప్లాస్టిక్కూ రబ్బరూ ఉంటాయట, అంటుకుంటాయి. నర్సవ్వకు నిప్పుతో పుట్టుక నుంచి స్నేహం, మీకు లేదు. బయలుదేరక ముందే తగిన నూనె పోయించండి.

తిరుగు దారి

ఏడు దాటింది. ఇంజన్ మళ్ళీ ఆగితే కష్టమని సాయిలు టీకి కూడా ఆపలేదు. కానీ వాడి కాలు ఉంది కదా. ఎవరు చెయ్యెత్తినా బ్రేకు మీదికి పోతోంది. మూడోసారి జీపు నెమ్మదించగానే వెనకనుంచి నర్సవ్వ, "ఎవలన్న చెయ్యెత్తిన్రా?" అని అడిగింది.

"హా అవ్వా. ముసలాయన."

"నాకైతె ఎవ్వరు కనబడలె. పోనియ్యి."

అప్పటి నుంచి దారంతా అదే మాట. వాడు నవ్వుతూ, బాధపడుతూ నడిపాడు. హిమాయత్‌నగర్ దాటాక నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు. నాందేడ్ దగ్గరపడేకొద్దీ పట్టు బిగిసింది, మాట తగ్గింది. నేను చెయ్యి అలాగే ఉంచాను.

నాందేడ్

పదకొండున్నరకు కంటి దవాఖాన చేరాం. బల్ల దగ్గర అమ్మాయి రిజిస్టరు మూసేస్తోంది. "ఆజీ, కితీ ఉశీర్!" అంది కొంచెం విసుగ్గా. ఎంత ఆలస్యమని. నేను జవాబు వెతుక్కునే లోపు నర్సవ్వ, "గాడీలా థండీ వాజలీ, బాయీ" అంది. బండికి చలి పెట్టింది తల్లీ అని. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక రిజిస్టరు మళ్ళీ తెరిచింది.

మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర నా చెయ్యి విడిచిపెట్టేటప్పుడు, "ఈడనే ఉండు" అంది. చిన్నప్పుడు పత్తి చేలో దారి తప్పినప్పటి గొంతు అది. అక్కడే ఉన్నాను. నీళ్ళ కోసం కూడా లేవలేదు. బయటికి వచ్చినప్పుడు కంటికి కట్టు ఉంది, మనిషి మామూలుగానే ఉంది. "నొప్పి లేదు గని, డాక్టరమ్మ రేడియోల పాటలు వెట్టింది, ఒక్కటి మంచిది లేదు" అని చెప్పింది. ఏం కనబడుతుందో రేపుగానీ తెలియదన్నారు.

సాయిలు ఆ సాయంత్రమే ఎవరూ చెప్పకుండా జీపు తీసుకెళ్ళి నూనె మార్పించాడు. ఖాదర్ భాయ్ చూపించినదే, ముందు పదిహేను, వెనక నలభై. తిరిగి వచ్చి, "పొద్దుగాల అవ్వను మళ్ళ సర్ఖని చలిలకే కదా తోలుకపోవాలె" అన్నాడు. జీపుని మాత్రం దవాఖాన ముందు కాకుండా సందు మలుపులో నిలబెట్టాడు. ఎందుకురా అంటే తల దించుకున్నాడు. "పొగ ఇడుస్తున్నది పెద్దమ్మా. నలుగురిల ఇజ్జత్ పోతది."

మర్నాడు పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పింది. వేళ్ళు చూపించి ఎన్ని అంది. నర్సవ్వ ముందుకు వంగి ఒక్కో వేలూ చూసింది.

"మూడు. ఒగదానికి ఉంగరమున్నది" అంది.

తర్వాత నా వైపు చూసింది. బుధవారం రాత్రి తడిమిన ముఖమే. నా నుదుటి మీద చెరిగిన బొట్టు తుడిచి సరిగ్గా పెట్టింది.

నల్ల కళ్ళద్దాలు పెట్టి, చుక్కల మందిచ్చి పంపించారు. సందు మలుపు తిరిగేసరికి సాయిలు తలుపు తాడు విప్పుతూ కనిపించాడు. నర్సవ్వ వాణ్ణి చూసింది, వాడి వెనక జీపుని చూసింది. అద్దాలు కాస్త ఎత్తి, కింది నుంచి పైదాకా చూసింది. ఒక దీపం లేదు, తలుపుకి తాడు, బానెట్ ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు.

"గిదా అక్కా నన్ను తెచ్చింది? నాకు కండ్లు లేవని గిసొంటి బండి మాట్లాడినవా?"

సాయిలు మొహం ఎర్రబడింది. ఎక్కి తాళం తిప్పాడు. పొద్దుటి చలిలో, ఒక్క తిప్పుకే ఇంజన్ పట్టుకుంది. వెనకాల భుస్సుమని పొగ. సందులో ఇద్దరు ముక్కు మూసుకుని తప్పుకున్నారు. సాయిలు గబుక్కున ఆపబోయాడు.

"ఆపకు" అంది నర్సవ్వ.

వెనక్కి నడిచి వెళ్ళి నిలబడింది. మెత్తని ఎండలో ఆ పొగ గోడ మీదుగా పైకి లేస్తోంది. ఆమె ఇన్నేళ్ళూ లోకాన్ని మట్టినీళ్ళలోంచి చూసినట్టు, అన్నీ ఒకే మట్టి రంగులో చూసింది. మెడ ఎత్తి అలాగే చూస్తూ నన్ను పిలిచింది.

"అక్కా, గా పొగ నీలంగున్నదా, నాకే గట్ల కనబడుతున్నదా?"

"నీలంగనే ఉన్నది" అన్నాను.

"గట్లనా" అంది. "సాయిలూ, ఇంకోసారి తొక్కు బిడ్డా."

సాయిలు అద్దంలోంచి నన్ను చూశాడు. తర్వాత కాలు మొత్తం కిందికి తొక్కాడు.